పాదాలకూ హక్కుంది

ఈద్ దగ్గరపడితే పత్తర్‌గట్టీలో అర్ధరాత్రి కూడా కాలు పెట్టే జాగా ఉండదు. షేర్వానీ కోసం దర్జీ దగ్గర మూడుసార్లు కొలతలిస్తాం. చెప్పులకొచ్చేసరికి "ఏడో నంబర్ ఇవ్వు భాయ్" అనేసి, ఒక కాలు దూర్చి చూసి లేచిపోతాం. బిగుతుగా ఉందంటే "వాడితే అదే వదులవుతుంది సాబ్" అంటాడు దుకాణందారు. అది వదులయ్యేలోపు పాదం జఖ్మీ అవుతుందని ఎవరూ చెప్పరు.

మా అమ్మీకి పదిహేనేళ్లుగా షుగర్. ఒక వలీమాకి జరీ జూతీలు వేసుకెళ్లింది. ఖూబ్‌సూరత్‌గానే ఉన్నాయి, ముందువైపే ఇరుకు. ఇంటికొచ్చి తీస్తే చిటికెన వేలి పక్కన తోలు లేచిపోయింది. "దర్ద్ లేదు బేటా, ఫికర్ చేయకు" అంది. దర్ద్ లేకపోవడమే అసలు మర్జ్ అని నాకప్పుడు తెలీదు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి, రక్తం సరిగా అందక పుండు మానదు. రెండు నెలలకు ఆ వేలు తీసేశారు.

తర్వాత డాక్టర్ ఎంసీఆర్ చెప్పులు రాశారు. మెత్తటి రబ్బరు, వెడల్పాటి పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ. అమ్మీ వాటిని దావత్‌లకు వేసుకోనంటుంది. "బీమార్ చెప్పులు" అని షరమ్. నా మాట కటువుగా ఉన్నా సరే, మన ఇళ్లలో వేళ్లు పోవడానికి షుగరెంత కారణమో ఈ షరమూ అంతే.

ఇఫ్తార్ తర్వాత కొనే మన ఆదత్ మంచిదే. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పటి కొలతే అసలు కొలత. రెండు కాళ్లకూ తొడిగి, నిలబడి, నాలుగడుగులు వేయండి. పెద్ద పాదానికి సరిపోయిందే తీసుకోండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. లోపల చేయి పెట్టి కుట్లు గుచ్చుకుంటున్నాయేమో చూడండి.

రోజుకు ఐదుసార్లు వజూ చేస్తాం, వేళ్ల మధ్య ఖిలాల్ చేస్తాం. అప్పుడే ఒక్క నిమిషం అరికాళ్లు చూసుకుని, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే చాలు, సగం హిఫాజత్ అయినట్టే. ఎండాకాలం జొహర్‌కి మసీదు సెహన్‌లో రాళ్లు కాలిపోతుంటాయి. స్పర్శ లేని పాదం బొబ్బలెక్కినా తెలీదు. కమిటీవాళ్లు అక్కడ చటాయి పరిస్తే అదీ ఖిద్మతే.

శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్ అంటాం. పాదాలు ఆ అమానత్‌లో లేవా? ఈ ఈద్‌కి అమ్మీకి చీర కొనేముందు ఆమె పాదాలు ఒకసారి మీ ఒళ్లో పెట్టుకుని చూడండి. నేను ఆలస్యంగా చూశాను.