ఫొటో తీసుకుపోయిన బాబు మళ్లీ వస్తాడా?

సీతమ్మధార రైతుబజారులో తెల్లవారకముందే మూటలు దిగుతాయి. చుట్టుపక్కల మండలాల నుంచి ఆటోల మీద, బస్సుల మీద వచ్చిన వంకాయలు, బెండకాయలు, ఆనపకాయలు, తోటకూర కట్టలు పట్నం నిద్ర లేచేసరికి బల్లల మీద పేర్చి వుంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు మొదలైన నాటి నుంచి ఇది నడుస్తున్న వ్యవహారమే. కాని ఆ తోటకూర తెచ్చిన మనిషి ఏ ఊరి నుంచి వచ్చిందో, రాత్రి ఎన్ని గంటలకు లేచిందో, ఖాళీ గంపతో ఎప్పుడు ఇల్లు చేరుతుందో కొనేవారికి తెలియదు. తెలుసుకోవాలన్న ధ్యాస కూడా వుండదు.

ఆ బజారుకు నాలుగు వీధుల అవతల అద్దె గదిలో వుంటూ ఫొటోగ్రఫీ చదువుకునే కుర్రవాడు ఒకడున్నాడనుకోండి. చదువులో భాగంగా అతడు ఒక విషయం ఎంచుకోవాలి. దాని మీద పన్నెండో పదిహేనో ఫొటోలు వరుసగా తయారుచేసి మాస్టారికి చూపాలి. అతడేం చేస్తాడు? చాలామంది చేసేదే చేస్తాడు. ఆదివారం పొద్దున్నే అరకు రైలెక్కుతాడు, లేకపోతే భీమిలి రోడ్డున పడి ఏదో జాలరిపేటలో దిగుతాడు. అడ్డపొగ పీల్చే ముసలమ్మ, ముక్కున అడ్డబాస, థింసా ఆడే ఆడవాళ్లు, వల భుజాన వేసుకున్న జాలరి, చొక్కా లేని పిల్లవాడు. సాయంత్రానికి మూడు వందల ఫొటోలు కెమెరాలో పడతాయి. వాటిలోంచి పదిహేను ఏరి ‘పల్లె జీవనం’ అని పేరు పెడితే పని అయిపోయిందనుకుంటాడు.

తప్పు కుర్రవాడిదే అనడం న్యాయం కాదు. పోటీల్లో బహుమతులు వచ్చేది ముడతలు పడ్డ ముఖాలకే అని అతడు చూస్తూనే వున్నాడు. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం పేరుతో జరిగే ప్రదర్శనల్లో గోడకు వేలాడే ముఖాల్లో పల్లెటూరి వృద్ధుల ముఖాలకు కొదవ వుండదు. ఆ ముఖాల కింద పేర్లు మాత్రం అరుదు. ‘నిరీక్షణ’ అనో, ‘అనుభవం’ అనో, ‘జీవన సంధ్య’ అనో రాసి వుంటుంది. ముసలమ్మ నిరీక్షిస్తున్నది బహుశా పింఛను కోసం కావచ్చు, మనవడి కోసం కావచ్చు. ఏదీ కాక, ఈ బాబు ఎప్పుడు వెళతాడా అని కూడా కావచ్చు.

ఫొటో తీసేటప్పుడు మన పల్లెల్లో ఎవరైనా అడిగే మాట ఒకటుంది. “ఏటి బాబూ, ఈ ఫొటో ఏటి సేస్తావు? మాకోటి ఇస్తావేటి?” దానికి జవాబు ఎప్పుడూ ఒకటే. “ఇస్తానమ్మా, మళ్లీ వచ్చినప్పుడు తెస్తాను.” మళ్లీ రావడం మాత్రం వుండదు. అడిగిన మనిషి కూడా ఆశ పెట్టుకుని అడగదు. వచ్చిన అతిథితో ఏదో ఒకటి మాట్లాడాలి గనుక అడుగుతుంది.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. పల్లెటూరి ఇంట్లో ఫొటో అంటే ఏమిటో తెలిసినవారికి చిన్నది కాదు. పెద్దదిక్కు పోయిన రోజున దండ వేయడానికి ఫొటో కోసం ట్రంకుపెట్టె అంతా వెతుకుతారు. చివరికి ఏ పెళ్లి గుంపు ఫొటోలోనో వెనక వరసలో సగం ముఖం దొరుకుతుంది. అదీ లేకపోతే ఓటరు కార్డో ఆధారు కార్డో పట్టుకుని స్టూడియోకు పరుగెత్తాలి. స్టూడియో కుర్రాడు ఆ తపాలాబిళ్లంత ముఖాన్ని పెద్దది చేసి, కోటు తొడిగి, వెనక నీలి తెర వేసి ఇస్తాడు. జన్మలో కోటు ముట్టని మనిషి గోడ మీద కోటుతో మిగిలిపోతాడు. పట్నంలో ఏదో గోడ మీద ఆయనదే చక్కని ఫొటో, కళ్లలో వెలుగుతో సహా, ‘జీవన సంధ్య’ పేరుతో వేలాడుతూ వుంటే ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పల్లె మనిషి ఫొటో ఈ రోజుల్లో తీయనివారు లేరు. పింఛనుకు ఫొటో, రేషనుకు ఫొటో, బ్యాంకు ఖాతాకు ఫొటో. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిస్థలాల్లో కూలీలను నిలబెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఇన్ని ఫొటోలు తీయించుకున్న మనిషి ఇంట్లో తనకంటూ ఒక్కటి వుండకపోవడం వింతే.

పేరు లేకుండా ముఖం మాత్రం తీసుకుపోయే అలవాటు కొత్తదేమీ కాదు. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాసుకున్నాడు. ఫొటోలు వేశాడు. ఆ ఫొటోల కింద సాధారణంగా వుండేది తెగ పేరో కులం పేరో గాని, మనిషి పేరు కాదు. పుట్టిన రోజున అమ్మ పెట్టిన పేరు ఆయనకు అక్కర్లేకపోయింది. నేడు కెమెరాలు మారాయి, దొరలు పోయారు. ‘అరకు గిరిజన మహిళ’ అన్న రాత మాత్రం పోలేదు.

అమెరికాలో జరిగిన ఒక ఉదంతం ఈ విద్యార్థులందరూ చదివేదే. 1936లో డొరొతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫరు అక్కడి ప్రభుత్వ సంస్థ తరఫున, కరవుతోనూ మాంద్యంతోనూ చితికిపోయిన రైతుల మీద వరుస ఫొటోలు తీస్తున్నది. కాలిఫోర్నియాలో బఠాణీలు ఏరే కూలీల శిబిరం దగ్గర, పిల్లలను ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చున్న తల్లిని చూసి కొద్ది నిమిషాల పనిగా కొన్ని ఫొటోలు తీసింది. పేరు అడగలేదు. పత్రికలో ఫొటో పడగానే ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఫొటో మాత్రం ప్రపంచమంతా తిరిగింది, పుస్తకాలకెక్కింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ల తరువాత. ఆ ఫొటో వల్ల తనకు దమ్మిడీ రాలేదని, అసలు తీయకుండా వుంటే బాగుండేదని ఆమె బాధపడింది. అంత గొప్ప ఫొటోకూ ఈ మచ్చ తప్పలేదు. ఆ ఫొటో మంచిది కాదని ఎవరూ అనలేరు. ఆకలితో వున్నవారికి తిండి చేరింది కూడా. అయినా పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మన తెలుగువాడే ఇంకోలా చేసి చూపించాడు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు, పత్రికా రచయిత పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల పల్లెల్లో తిరిగి, ఆడవాళ్లు చేసే పని ఒక్కటే విషయంగా ఫొటోలు తీశారు. కనిపించే పని, కనిపించని మహిళలు అన్నది దాని సారాంశం, పేరు కూడా అదే. ఒడిశా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వలస వచ్చి, ఇటుక బట్టీలో చెప్పులు లేని కాళ్లతో వేడి ఇటుకలు మోస్తున్న ఆడవాళ్లు అందులో వున్నారు. వారి రోజు కూలి ఎంతో, అదే బట్టీలో మగవాళ్లకు ఎంతో కూడా పక్కనే రాసి వుంది. రాయగడలో ఒక భూస్వామి దర్జాగా కెమెరా ముందు నిలబడితే, వెనక ఆడకూలీలు నడుము వంచి నాట్లు వేస్తున్నారు. రోజుకు 40 రూపాయలు ఇస్తున్నానని ఆయన చెప్పాడు. ఇచ్చింది 25 రూపాయలేనని వాళ్లు తరువాత చెప్పారు. ఫొటో ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

అంతకంటె మెచ్చుకోవలసింది మరొకటి వుంది. ఆ ప్రదర్శన చల్లని గదుల్లోని గ్యాలరీలకు పరిమితం కాలేదు. బస్టాండ్లలో, ఫ్యాక్టరీల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో పెట్టారు. ఫొటోల్లో వున్నలాంటి మనుషులే వచ్చి చూశారు. ఇటుకలు మోసేవారు చూసి బాగుందంటే అంతకంటె పెద్ద మార్కు ఏ మాస్టారు వేయగలరు?

వరుస ఫొటోలు అనేది పెళ్లి ఆల్బం లాంటి పని కాదు. పెళ్లిలో జరిగినవన్నీ తీయాలి. ఇక్కడ చాలావాటిని వదిలేయాలి. ఒక ప్రశ్న పెట్టుకుని, దానికి జవాబు చెప్పే ఫొటో వుంచి, ఎంత అందమైనదైనా జవాబు చెప్పనిదాన్ని తీసి పక్కన పెట్టాలి. మొదటి ఫొటో చూసినవాడికి రెండోది చూడాలనిపించాలి. దీనికి కావలసింది ఖరీదైన లెన్సు కంటె తిరిగే ఓపిక. అదే చోటికి పదిసార్లు వెళ్లాలి. మొదటిసారి జనం నవ్వుతూ నిలబడతారు, రెండోసారి పలకరిస్తారు, నాలుగోసారికి పట్టించుకోవడం మానేసి పని చేసుకుంటారు. అప్పుడు మొదలవుతుంది అసలు ఫొటో.

ముందుగా అడిగితే ముఖం బిగుసుకుపోతుంది, సహజత్వం చెడుతుంది అని కొందరు వాదిస్తారు. ఒక్క పూటలో పని ముగించుకుని ఆఖరి బస్సు అందుకోవాలనుకునేవారికి ఆ కష్టం నిజమే. నాలుగుసార్లు వెళ్లేవాడికి ఆ కష్టం లేదు. పైగా గెడ్డ దగ్గర బట్టలు ఉతుక్కుంటున్న ఆడపిల్లలను దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసి సహజత్వం అంటే ఏ ఊరు ఒప్పుకుంటుంది? ఆ కుర్రవాడి సొంత అక్కనో చెల్లెలినో సీతమ్మధార డాబా మీద ఎవరైనా అలాగే తీస్తే అతడు ఊరుకుంటాడా?

విషయాలు కావాలంటే ఈ జిల్లాల్లో కొరత లేదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దాని కోసం అరవైకి పైగా పల్లెలు లేచిపోయాయి. ఆ ఊళ్ల రామకోవెల, నూతిగట్టు, ఊరి మొగలో చింతచెట్టు ఫొటోలు నిర్వాసితుల ఇళ్లల్లో వెతికితే ఎన్ని దొరుకుతాయి? అప్పట్లో కెమెరా వున్నవాడు ఊరికొకడు లేడు, సరే. ఇటీవల భోగాపురం విమానాశ్రయం కోసం మళ్లీ కొన్ని పల్లెలు కదిలాయి. ఈసారి చేతి ఫోనులోనే కెమెరా వుంది. రోడ్లకూ, పరిశ్రమలకూ, లేఅవుట్లకూ రేపు పోబోయే ఊళ్లు ఇంకా వున్నాయి. ఒక ఊరు వుండగానే దాని గడపలు, కళ్లాలు, మనుషులను పేర్లతో సహా వరుసగా తీసి పెట్టడం కంటె విద్యార్థికి పెద్ద పని ఏముంటుంది? ఆ ఊరివాళ్ల పిల్లలకు ఆ ఫొటోలే దస్తావేజులు అవుతాయి.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో డిగ్రీ చదువు వుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం వుంది. ఇలాంటి చోట్ల చిన్న నిబంధన ఒకటి పెట్టవచ్చు. విద్యార్థి తీసిన మనిషి పేరు, ఊరు రాసి వుండాలి. ఆ మనిషికి ఒక ప్రింటు చేరిందని వేలిముద్రో సంతకమో వుండాలి. లేకపోతే మార్కులు లేవు. దీనికి జీవో అక్కర్లేదు. మాస్టారు అనుకుంటే చాలు. పేరు వేయవద్దని ఆ మనిషే అంటే వేయకూడదు, అదీ అడిగితేనే తెలిసేది.

పల్లెవాసులు చేయవలసింది కూడా వుంది. కెమెరాతో వచ్చిన ప్రతివాడినీ తరిమేయడం మంచిది కాదు. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు తండ్రి వెంకటరామరాజు వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరే, రాజమహేంద్రవరంలో ఆ పని చేసుకుని బతికిన మనిషే. వృత్తిని అనుమానించనక్కర్లేదు. వచ్చిన బాబుకు మంచినీళ్లు ఇచ్చి, పేరు, చదివే చోటు, ఫోను నంబరు ముందు రాయించుకోవాలి. ఫొటో ఎక్కడ పెడతాడో అడగాలి. వద్దనిపిస్తే వద్దు అని చెప్పే హక్కు ముసలమ్మకు కూడా వుందని ఇంట్లో కుర్రాళ్లు ఆమెకు చెప్పాలి. యాభయ్యో వందో చేతిలో పెట్టి పోజు పెట్టమంటే తీసుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. పేదరికం చూపించడానికి డబ్బిచ్చి చొక్కా విప్పమనేవాడికి మాత్రం దారి చూపించాలి.

ఇక సీతమ్మధార కుర్రవాడి సంగతి. అతడు అరకు దాకా పోనక్కర్లేదు. రైతుబజారులో తోటకూర అమ్మే మనిషిని అమ్మా, మీ ఊరేది అని అడిగి, ఒప్పుకుంటే ఆ ఊరు వెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకుంటే చాలు. చీకట్లో దీపం పెట్టి కట్టలు కట్టడం, ఆటో కోసం రోడ్డు మీద నిలబడడం, బజారులో చోటు కోసం పోటీ, బేరం, మధ్యాహ్నం చద్దన్నం మూట, మిగిలిన సరుకు ఏం చేయాలో తెలియక చూసే చూపు, ఖాళీ గంపతో తిరుగు ప్రయాణం. పన్నెండు ఫొటోలు అక్కడే వున్నాయి. వాటిని ముందు ఆ బజారులోనే బల్లల పైన తాడు కట్టి వేలాడదీస్తే, బేరమాడే అమ్మగారు ఒకసారి తలెత్తి చూస్తుంది.

తరువాత ఆ ఊళ్లో. సంక్రాంతి మూడు రోజులు అందుకు అనువు. హైదరాబాదు వెళ్లినవాళ్లు, చెన్నై వెళ్లినవాళ్లు అందరూ ఇళ్లకు చేరతారు. పంచాయతీ అరుగు మీద పన్నెండు ఫొటోలు పెడితే ఊరంతా వస్తుంది. ఫలానావాడి మీసం ఇలా లేదని ఒకరు, మా గుమ్మం ఎందుకు తీయలేదని మరొకరు తగువు పెట్టుకుంటారు. కుర్రవాడు ఆ తగువు విని, పండుగ భోజనం చేసి, తీయని గుమ్మం తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లవచ్చు.