ఫర్నేసుకు రాయితీ, పిల్లవాడికి పోటీ

ముస్లిముల రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ కొందరు పెద్దమనుషులు మాకు ప్రకృతి శాస్త్రం బోధిస్తుంటారు. తగినవాడే మనుగడ సాగిస్తాడట, అదే న్యాయమట. ఆ మాటను 1864లో పుట్టించినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ 1869లో తన గ్రంథం అయిదవ ముద్రణలో దానిని స్వీకరించాడు. ఆయన దృష్టిలో తగినవాడంటే బలవంతుడు కాదు, ఉన్న పరిసరాలలో ఇమిడినవాడు. పైగా అది జీవులెలా మారుతాయో చెప్పే వివరణే గాని, మనుషుల మధ్య న్యాయమేదో తేల్చే తీర్పు కాదు. వరద రావడమూ ప్రకృతే. అంతమాత్రాన చెరువుకు గట్టు వేయడం మానుకున్నామా?

మా గరివిడినే చూడండి. ఇక్కడి ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకు ఖనిజం ఎంత అవసరమో కరెంటూ అంతే అవసరం. చార్జీలు పెరిగితే ఫర్నేసులు నిలవలేవు. అందుకే రాష్ట్రంలోని ఈ పరిశ్రమలవారు విద్యుత్ రాయితీ అడిగారు, ప్రభుత్వాలు ఇచ్చాయి కూడా. మేము దానిని తప్పుపట్టడం లేదు. ఫర్నేసు ఆరితే ముందుగా ఆరేది కార్మికుడి ఇంటి పొయ్యి. కాని పోటీకి తట్టుకోలేని ఫ్యాక్టరీని మూతపడనివ్వండని అప్పుడు ఈ శాస్త్రజ్ఞులెవరూ నోరు విప్పలేదే! ఇనుముకు వర్తించని సూత్రం మా పిల్లలకే ఎందుకు వర్తించాలి?

దూదేకుల సోదరుల సంగతి తెలిసిందే. వింటితో పత్తి ఏకిన చేతులకు నైపుణ్యం లోపించలేదు. యంత్రం వచ్చింది, పరుపుల బజారు మారింది. దానిని అయోగ్యత అనగలమా? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ జనాభాలో 13.4 శాతమున్న ముస్లిములు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే. బడి, అప్పు, ఉద్యోగం ఎవరికి అందుబాటులో ఉన్నాయో చూడకుండా ఈ అంకెలను ప్రతిభకు కొలతగా చూపడం మోసం.

2007 చట్టం 4 శాతాన్ని మతమంతటికీ పంచలేదు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను మినహాయించి, హజ్జాములు, ధోబీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులు వంటి వెనుకబడిన వర్గాలను బీసీ-ఇలో చేర్చింది. అయినా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. సర్వే శాస్త్రీయంగా లేదన్నది ఒక అభ్యంతరం. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వే నేటికీ మన పిల్లల సీట్లకు ఆధారం. ఇంత సన్నని దారం మీద ఒక తరం చదువు వేలాడుతోంది.

కనుక రాష్ట్ర ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒక్కటే. తుది విచారణకు ముందే ఇంటింటి లెక్క తీయించండి. కర్నూలు, గుంటూరులతో ఆపవద్దు. ఉత్తరాంధ్రలో ఊరికి నాలుగిళ్లుగా చెదిరి ఉన్న మమ్మల్నీ, గరివిడి, చీపురుపల్లి మండలాలతో సహా, ఆ లెక్కలో చేర్చండి.