మింగిన అవమానం ఒంటిని తింటది

మా పేటలో ఒక పెద్దమ్మ కాలి పుండు రెండు నెలలైనా మానలేదు. షుగరు లేదు, మందూ ఆపలేదు. గుచ్చి అడిగితే చెప్పింది: "కళ్లంలో అందరి ముందు కులం పేరెత్తి తిట్టాడు బాబూ. కూలి పోతదని నోరెత్తలేదు. అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు."

పుండుకూ దిగులుకూ లంకె ఉంది. 1995లో అమెరికాలోని ఒహాయోలో, మతి తప్పిన ఇంటివాళ్లకు చాకిరీ చేసే ఆడవాళ్ల చేతిమీద చిన్న గాటు పెట్టి చూశారు. మిగతా ఆడవాళ్లకంటే వాళ్లకది మానడానికి 9 రోజులు ఎక్కువ పట్టింది.

మనల్ని 'ఓర్చుకోండి' అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. అక్కలారా, అన్నలారా! మందు మానకండి, అవమానం మింగకండి. పదిమందిలో చెప్పండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టండి. పెద్దమ్మ వెంట ఠాణాకు మేమూ పోతున్నాం.