ఆడబిడ్డ సంతకము

"ఆడపిల్ల ఆడ పిల్లేగాని ఈడ పిల్ల గాదు" అని పాలమూరు, నల్లగొండ పల్లెలలో నవ్వుచు చెప్పుకొందురు. వేడుకకు పుట్టిన యీ మాటయే మన యిండ్లలో నేటికిని చట్టమువలె చెల్లుచున్నది.

అసలు చట్టము వేఱు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండియే, అప్పటికి పెండ్లికాని హిందూ కుమార్తెకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన పాలు ఏర్పడినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను, పెండ్లియైన కుమార్తెలకు సయితము, ఆ హక్కు కలిగినది. అది పుట్టుకతోనే వచ్చునదనియు, ఆనాటికి తండ్రి బ్రతికియుండవలసిన పని లేదనియు సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. (షెడ్యూల్డు తెగలకు ఈ చట్టము తనంతట వర్తింపదు. తండాలలోని బిడ్డల సంగతి వేఱుగా వ్రాయదగినది.)

న్యాయవాద వృత్తిలో నాకు తఱచుగా కనబడు దృశ్యమొకటి కలదు. సబ్‌రిజిస్ట్రారు కచేరి వద్ద అక్కచెల్లెండ్రు హక్కు విడుదల పత్రముపై సంతకము చేయుటకు వచ్చి కూర్చుండియుందురు. అన్న వారికి చీరలు కొని తెచ్చియుండును. భూమి పోయెనని యేడ్చువారు అరుదు. "భూమి కోసం కొట్లాడితే బతుకమ్మకు ఎవరు పిలుస్తరు సారూ? ఒడిబియ్యం ఎవరు పోస్తరు?" అని నన్నే యడుగుదురు. ఆ లెక్క తప్పని నేననజాలను. మెట్టినయింట కష్టము వచ్చిననాడు తిరిగి చేరవలసిన గడప అదియే. ఆ గడపను కాపాడుకొనుటకు వారు ఎకరములు చెల్లించుచున్నారు. కొడుకునకు అది ఊరకయే దొరకినది గదా!

ఈ సంతకము పెద్దయైన పిదప నేర్చినది గాదు, ఏడేండ్లకే యింట నేర్చినది. తెల్లవారగనే లేచి వాకిలి ఊడ్చునది కూతురు; పక్కమీదనుండి లేవనివాడు కొడుకు. గ్రుడ్డు ఒకటే యున్నచో అది వాని కంచములోనికే పోవును. పాలమూరునుండి దూరపు పనులకు వలసపోవు కుటుంబములలో చిన్నవానిని చంకనెత్తుకొని బడి మానునది తఱచు పెద్దకూతురే. ఇవి క్రూరుల యిండ్లు గావు. బిడ్డను 'తల్లీ' యని నోరార పిలుచు ఇండ్లే.

1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో తెలుగు బాలికలకు పాఠశాల పెట్టిరి. 1931లో మన దేవరకొండలోనే ఆంధ్ర మహాసభతోపాటు మహిళాసభయు జరిగినది. బడి విషయమున ఆ పెద్దల కృషి చాలవఱకు ఫలించినది. ఇంటి విషయమే మిగిలినది. ఉమ్మడి రాష్ట్రమున ఆఱేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి 2001లో 961 మంది ఆడపిల్లలుండగా, 2011 నాటికి 939 మందియే యుండిరి. చదువుకొన్నవారు పెరిగిన పదేండ్లలోనే యిట్లు జరిగినదని చదువరులు గమనింపవలయును.

వేదికలపై ఈ మాటలు చెప్పి వచ్చు నా యింటి సంగతియు దాచను. మొన్న అతిథి వచ్చినపుడు మంచినీళ్లు తెమ్మని కొడుకును పిలిచితిని. వానికి పదమూడేండ్లు. పుస్తకము ప్రక్కనబెట్టి లేచినది తొమ్మిదేండ్ల చెల్లెలు. నీవు కూర్చుండుమంటిని. ఆమె కూర్చుండక తల్లి ముఖము వంక చూచినది.