విందు నిలిచినచో భాష నిలుచునా?

ఇంట మన వంటలు సాగుచున్నంతకాలము మన భాషకు భయము లేదని గంజాము ప్రాంతపు తెలుగు పెద్దలు కొందరు ధైర్యము చెప్పుచుందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది గాని నిజము కాదని నా యభిప్రాయము. అమెరికాలోని లూసియానా రాష్ట్రమే దీనికి సాక్ష్యము.

ఆ రాష్ట్రపు దక్షిణభాగమున కేజన్లు అను జనులు కలరు. వీరి పూర్వులు నేటి కెనడా తూర్పుతీరమున అకాడియా అను సీమలో నివసించిన ఫ్రెంచివారు. 1755లో ఆంగ్లేయులు వారిని వెడలగొట్టిరి. చెట్టునకొకరు పుట్టకొకరుగా తిరిగిన పిమ్మట, కొందరు లూసియానా చేరి చిత్తడినేలలలో కాపురములు నిలుపుకొనిరి. వసంతకాలమున బంధుమిత్రులను పిలిచి, పెరటిలో పెద్ద గుండిగను పొయ్యి కెక్కించుట వారి యాచారము. రొయ్యను పోలిన క్రాఫిష్ అను మంచినీటి జీవులనో, పీతలనో, రొయ్యలనో బంగాళాదుంపలతోను మొక్కజొన్నపొత్తులతోను కలిపి, ఉప్పు కారములు దండిగా వేసి యుడికింతురు. నీరు వార్చి, వార్తాపత్రికలు పరచిన బల్లపై కుమ్మరింతురు. పంక్తులు లేవు, వడ్డన లేదు. అందరును చుట్టు నిలిచి చేతులతో ఒలుచుకొని తిందురు.

ఈ విందు నేటికిని నిలిచియున్నది. ఇతరులును దానిని అనుకరించుచున్నారు. మరి భాషయో? 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగము ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఆంగ్లముననే జరుగవలెనని శాసించెను. బడిలో ఫ్రెంచి పలికిన పిల్లలు దండనకు గురియైరి. ఆ పిల్లలే పెద్దవారై, తమ బిడ్డలకు ఆ బాధ వలదని ఇంటను ఆంగ్లమే మాటాడిరి. ఫ్రెంచి పరిరక్షణకై 1968లో ప్రభుత్వమే ఒక మండలిని నెలకొల్పెను గాని, అప్పటికే ఒక తరము చేజారిపోయెను. తాతగారి గుండిగ మనుమనికి దక్కెను. ఆయన మాట దక్కలేదు.

మన స్థితి అంత దుస్సహము కాదు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై గంజాము అందు చేరినను, మనకు తెలుగు బడి యున్నది, ఈ పత్రికయు నున్నది. అయినను చేపలు కొనబోయిన మన బాలుడు రొయ్య యనక చింగుడి యనియు, పీత యనక కంకడా యనియు అడుగుచున్నాడు. గోపాలపురము తీరమున చేపలమ్ము తల్లియు తరచుగా తెలుగుదే యగుట మరియు వింత! ఒడియా నేర్చుట మేలే. ఇరుగుపొరుగుల భాష రానివానికి ఇచట బ్రదుకు లేదు. కాని క్రొత్తమాట వచ్చినంతనే సొంతమాట చోటు విడిచి పోవలెనా?

గుండిగ దానంతట అది భాషను కాపాడదు. చుట్టు నిలిచినవారు మాటాడవలెను. మన విందులలో అందుకు చోటెక్కడ? పులుసులు, ఇగుళ్లు, వేపుళ్లు అని తల్లులు వేకువనుండి పొగలో మ్రగ్గి కడపటి పంక్తిలో తిందురు; అడ్డము వచ్చుచున్నారని పిల్లలను వెలుపలికి తరుముదురు. కావున సెలవులలో చుట్టములు కూడినపుడు ఒక్కమారు ఆ వంటలన్నియు మాని, పెరటిలో ఈ ఉడుకువిందు చేయుడని నా సూచన.

ఇరువదిమందికి ఇరువది పీతలు, నాలుగు కిలోల రొయ్యలు, అంతయే బరువు బంగాళాదుంపలు చాలును. చిలికా సరస్సు మండపీతలు మనకు దొరకును. ప్రాణముతో నున్నవే కొనవలెను. చచ్చిన పీత త్వరగా చెడును. అరగంట మంచులో ఉంచినచో మగతపడును. అపుడు గుండిగలో వేయుట సులభము, దయయును. ఉప్పు, ఎండుమిరపకాయలు, అల్లము, వెల్లుల్లి వేసి నీరు మరిగించి, మొదట దుంపలను పదునైదు నిమిషములు, పిదప పీతలను పండ్రెండు నిమిషములు ఉడికింపవలెను. రొయ్యలు కడపట, వానికి మూడు నిమిషములే. రొయ్య నెలవంకవలె వంగినచో ఉడికినట్లు. సున్నవలె చుట్టుకొన్నచో మితిమీరినట్లు. రొయ్యలు, పీతలు ఒంటికి పడక దద్దురులు లేచువారు కొందరుందురు. వారి వంట వేరు పాత్రలో, వేరు నీటిలో జరుగవలెను.

పీత ఎఱ్ఱబడుట ఏల యని చిన్నవారడుగక మానరు. ఎఱ్ఱని వర్ణద్రవ్యము దాని పెంకులో మొదటినుండియు నున్నది. మాంసకృత్తుతో ముడివడియుండుటచే నీలముగనో గోధుమవన్నెగనో తోచును. వేడికి ఆ ముడి విడి ఎఱుపు బయటపడును. దీనిని తెలుగున చెప్పుటకు పాండిత్యమేమియు అక్కరలేదు. ఆంగ్లపుస్తకములో చూచుకొమ్మని పిల్లవానిని పంపివేయుటయే మనవారి అలవాటు. అది నాకు సమ్మతము కాదు.

బల్లపై కుమ్మరించినపుడు వండినవారును అందరితోపాటు కూర్చుండవలెను. పెంకులు పగులగొట్టుటకు చిన్న రోకలి యొకటి చాలును. అది ఎవరి చేతిలో నుండవలెనో పిల్లలు తగవులాడుకొందురు. ఆ తగవు ఏ భాషలో సాగుచున్నదో పెద్దలు కొంచెము చెవియొగ్గి వినవలెను.