ఓడెక్కే అబ్బాయి కాగితాలు ఇంట్లో వాళ్ళు చూడొద్దా?

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మనం ఎంత విచారిస్తాం! అబ్బాయి ఉద్యోగం, ఇల్లు, అలవాట్లు, ఆఖరికి మేనత్త తరపు వాళ్ళ సంగతి కూడా ఆరా తీస్తాం. అదే అబ్బాయి ఓడ ఉద్యోగానికి వెళ్తానంటే మాత్రం గాజులు తీసి తాకట్టుకిచ్చి, దేవుడి మీద భారం వేసి ఊరుకుంటాం. ఏ ఓడ, ఎవరిది, ఎన్ని నెలలు? ఒక్క ప్రశ్న అడగం. అడిగితే 'నీకేం తెలుసు, నువ్వూరుకో' అంటారని సంకోచం.

మా పిన్ని ఇంట్లో జరిగింది ఇదే. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. ఆ వైపు ఊళ్ళనుంచి ఎందరో కుర్రాళ్ళు ఓడ పనులకు వెళ్తుంటారు. మా తమ్ముడూ వెళ్తానన్నాడు. ఏజెంటు రెండు లక్షలన్నాడు. పుస్తెలతాడు తప్ప పిన్ని ఒంటిమీదవన్నీ బ్యాంకుకెళ్ళాయి. తీరా వాడు వెళ్ళింది విజిటింగ్ వీసా మీద. మూడు నెలలు ఒకే గదిలో పదిమంది. ఆ తర్వాత ఏదో తుప్పు పట్టిన ఓడ ఎక్కించారు, జీతం మాత్రం ఇవ్వలేదు. ప్రాణాలతో ఇంటికి చేరాడు, అదే పదివేలు. అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

"ఆ ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో చూశారా?" అని అడిగితే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అలాంటి లైసెన్సు ఒకటుంటుందనే ఎవరికీ తెలీదు!

ఉంటుందమ్మా. ఓడల్లోకి మనుషుల్ని పంపే ఏజెన్సీకి ముంబైలో అందరూ డి.జి. షిప్పింగ్ అని పిలిచే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం లైసెన్సు ఇవ్వాలి. దాన్నే ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. లైసెన్సున్న ఏజెన్సీల జాబితా ఆ కార్యాలయం వెబ్‌సైట్లో ఉంటుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే పది నిమిషాల్లో చూసి చెప్తుంది. అబ్బాయి సి.డి.సి. పుస్తకం అసలుదో నకిలీదో కూడా అక్కడే చూసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోవడమే తప్పు. నావికుల హక్కులకోసం 2006లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి కుదిరింది. 2015లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం పాస్‌పోర్టు, సి.డి.సి., వైద్య పరీక్ష ఖర్చులు మాత్రమే అబ్బాయివి. వీసా ఖర్చు ఓడ యజమానే భరించాలి. కాబట్టి 'సీటుకి ఇంత' అని ఎవడైనా అన్నాడంటే వాడి గుమ్మం దిగి వచ్చేయడమే మేలు.

సరే, ఏజెన్సీ మంచిదే. మరి ఓడ? దానికీ దారి ఉంది. పెద్ద ఓడలకు ఏడంకెల ఐ.ఎం.ఓ. నంబరు ఉంటుంది. పెళ్ళయ్యాక మన ఇంటిపేరు మారినా పుట్టుమచ్చ మారదు కదా! అలాగే ఓడ పేరు మారినా, జెండా మారినా, యజమాని మారినా ఆ నంబరు మారదు. ఈక్వాసిస్ అనే వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే ఓడ వయసెంత, యజమాని ఎవరు, రేవుల్లో తనిఖీ చేసినప్పుడు ఏ లోపాలు దొరికాయి, ఎక్కడైనా ఆపేశారా అన్నది తెలుస్తుంది. పేరు నమోదు చేసుకోవాలి, అంతే. రుసుమేమీ లేదు.

'ఇదంతా మగవాళ్ళ వ్యవహారం, ఇంట్లో కూర్చున్న మనకెందుకు?' అనేవాళ్ళకు రెండు సంగతులు చెప్తాను. 1912లో టైటానిక్ మునిగి సుమారు పదిహేను వందలమంది పోయారు. ఓడలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికే పడవలున్నాయని అప్పుడు గానీ లోకానికి తెలిసిరాలేదు. 1987లో బెల్జియం తీరంలో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరి బోల్తా పడింది. 193 మంది చనిపోయారు. తలుపు వెయ్యని మనిషిది ఒక్కడిదే తప్పు కాదనీ, ఒడ్డున ఆఫీసులో కూర్చున్న వాళ్ళదీ తప్పేననీ విచారణలో తేలింది. ఆ తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ భద్రత కోసం ఒడ్డున ఒక బాధ్యుణ్ణి నియమించాలి. ఆ మనిషి నేరుగా పై యాజమాన్యంతో మాట్లాడగలగాలి. ఓడ భద్రతలో ఒడ్డుకీ బాధ్యత ఉందని ప్రపంచమే ఒప్పుకుంటే, ఒడ్డున ఉన్న అమ్మకీ భార్యకీ ఆ బాధ్యుడి ఫోన్ నంబరు తెలియకపోతే ఎలా?

ఫిర్యాదు చేస్తే మళ్ళీ ఉద్యోగం రాదేమోనని చాలామంది నోరు మూసుకుంటారు. ఆ భయం ఉత్తిదేం కాదు. అయితే ఫిర్యాదు చేసినందుకు నావికుణ్ణి వేధించకూడదని ఆ ఒప్పందంలోనే ఉంది. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలనీ ఉంది. రెండు నెలలు జీతం ఇవ్వకపోతే ఆ నావికుణ్ణి యజమాని వదిలేసినట్టే లెక్క. అప్పుడు నాలుగు నెలల వరకు జీతం బాకీ, ఇంటికి చేరే ఖర్చు బీమానుంచి రావాలి. ఆ బీమా కాగితం ఓడలో అందరికీ కనబడేలా అంటించి ఉండాలి. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడే సీఫేరర్‌హెల్ప్ అనే సహాయ కేంద్రం కూడా ఉంది. అక్కడికి ఇంట్లో వాళ్ళూ ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ ఉండీ మా పిన్నికి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే అన్నీ ఇంగ్లీషులో, ఎక్కడో వెబ్‌సైట్లలో ఉన్నాయి. ఏజెంటు మాత్రం మన వీధిలో, మన భాషలో, మన అరుగు మీదే కూర్చుని మాట్లాడతాడు. ఈ వివరాలు ఒక్క పేజీ తెలుగులో అచ్చువేసి గ్రామ సచివాలయంలో, బంగారం తాకట్టు పెట్టుకునే బ్యాంకులో అంటిస్తే ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుంది?

వాళ్ళు చేసేదాకా మనం ఆగక్కర్లేదు. ఓ నోటు పుస్తకంలో ఏజెన్సీ లైసెన్సు నంబరు, ఓడ ఐ.ఎం.ఓ. నంబరు, ఒడ్డున ఉన్న బాధ్యుడి ఫోను రాసుకోండి. ఒప్పందం నకలు ఒకటి బీరువాలో పెట్టుకోండి. ఇవి చేతికొచ్చాకే గాజులు తియ్యండి. అడిగితే అబ్బాయి విసుక్కుంటాడా? విసుక్కోనివ్వండి. మా పిన్ని అడక్కపోవడం వల్ల ఇప్పటికీ వడ్డీ కడుతోంది.