జకాత్ దాత అడిగే ప్రశ్న, ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే జవాబు

రమజాన్ మాసం సమీపించగానే రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరు పట్టణాల పాఠకుల నుండి మాకు ఒకే ప్రశ్న పలు రూపాలలో వస్తుంది. ఉపాధ్యాయుడు, బట్టల దుకాణదారు, వైద్యుడు, కువైట్ నుండి తిరిగివచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకొన్న సోదరుడు, అందరూ అడిగేది ఇదే: "మేము చెల్లించే జకాత్‌కు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉన్నదా?"

జకాత్ పేరుతో చట్టంలో ఏ మినహాయింపూ లేదు. జకాత్ ఒక చాంద్ర సంవత్సరం పాటు నిలిచిన సంపదపై నూటికి రెండున్నర చొప్పున విధి. పన్ను ఆ ఏటి ఆదాయంపై విధింపు. రెండింటి లెక్కలూ వేరు. బంధువులలోని వితంతువుకో, వీధి చివరి అప్పులవానికో చేతికి అందించిన సొమ్ము అల్లాహ్ దగ్గర ఎంత పుణ్యమైనా పన్ను అధికారి దగ్గర సొంత ఖర్చు క్రిందికే వస్తుంది. అయితే అదే సొమ్మును 80జి గుర్తింపు గల సంస్థకు ఇస్తే మినహాయింపు లభించవచ్చు. రెండు వేల రూపాయలకు మించిన నగదు చెల్లదు. బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. సంస్థ నుండి 10బిఇ ధ్రువపత్రం తీసుకోవాలి. పైగా ఇది పాత పన్ను పద్ధతిని ఎంచుకొన్నవారికే వర్తిస్తుంది.

ఒక లెక్క చూద్దాము. పాత పద్ధతిలో 30 శాతం శ్లాబులో ఉన్న వైద్యుడు అటువంటి సంస్థకు 50,000 రూపాయలు ఇచ్చాడనుకొందాము. సాధారణంగా అందులో సగం, అనగా 25,000 మాత్రమే ఆదాయం నుండి తగ్గుతుంది. సెస్సుతో కలిపి అతనికి మిగిలే పన్ను 7,800 రూపాయలు. మలేసియాలో అధికార సంస్థకు చెల్లించిన జకాత్‌ను కట్టవలసిన పన్నులోనుండే తగ్గిస్తారు. ఇండోనేసియాలో గుర్తింపు పొందిన సంస్థకు ఇచ్చిన జకాత్‌ను ఆదాయం నుండి తగ్గిస్తారు. ఆదాయం నుండి తగ్గించడానికీ, పన్ను నుండే తగ్గించడానికీ గల అంతరం ఇక్కడ స్పష్టమవుతుంది. అవి ముస్లింలు అధికసంఖ్యాకులుగా గల దేశాలు కనుక ఆ పోలికతో మన ప్రభుత్వాన్ని నిలదీయవలెనని మేము కోరడం లేదు.

మా అభ్యంతరం వేరే చోట ఉన్నది. ఒక ప్రత్యేక మత సముదాయానికో, కులానికో మేలు చేసేదిగా పత్రంలో వ్రాసుకొన్న సంస్థకు 80జి గుర్తింపు లభించదు. 13వ సెక్షన్ ప్రకారం, 1961 చట్టం వచ్చిన తరువాత ఒక మత సముదాయపు మేలు కొరకు ఏర్పడిన ధార్మిక ట్రస్టు సొంత ఆదాయంపై మినహాయింపు కూడా కోల్పోతుంది. ఇంతవరకు అందరికీ ఒకే సూత్రం. దానితో మాకు తగవు లేదు. కాని ఆ రెండు చోట్లా చట్టమే ఒక వివరణ చేర్చినది: షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లలు, వీరి కొరకు ఏర్పడిన సంస్థలను మత లేక కుల సంస్థలుగా ఎంచరాదని. న్యాయమైన వివరణ. వెనుకబాటుతనాన్ని తొలగించే పనికి పన్ను అడ్డు రాకూడదన్నదే దాని భావం. మరి ముస్లింల వెనుకబాటుతనాన్ని 2006లో సచార్ కమిటీ అంకెలతో సహా పార్లమెంటు ముందుంచిన తరువాత కూడా ఆ జాబితాలో అల్పసంఖ్యాకులన్న మాట ఎందుకు చేరలేదు? పేద ముస్లిం విద్యార్థికి ఫీజు కట్టే ట్రస్టు ఆ సంగతిని తన పత్రంలో దాచుకొంటే గాని బ్రతకలేని స్థితి ఎవరికి గౌరవం?

మార్గం లేకపోలేదు. మన రాష్ట్రంలో దూదేకులవారు బి.సి.-బి లోను, ముస్లింలలోని మరెన్నో వర్గాలు 2007 చట్టం ద్వారా బి.సి.-ఇ లోను ఉన్నవి. ట్రస్టు పత్రంలో "వెనుకబడిన వర్గాల వారికి, స్త్రీలకు, పిల్లలకు" అని వ్రాసుకొన్నవారికి వివరణ రక్షణ ఇస్తుంది. "ముస్లింలకు" అని వ్రాసుకొన్నవారికి ఇవ్వదు. మతం బోధించిన దానధర్మాలు అయినంత మాత్రాన వాటి మేలు ఒక్క సముదాయానికే పరిమితమైనట్లు కాదని దావూదీ బోహ్రా జమాత్ కేసులో 2014లో సుప్రీంకోర్టు అభిప్రాయపడినది. కనుక పత్రం వ్రాయించేటప్పుడే తెలిసిన ఆడిటర్‌ను సంప్రదించండి. పదేండ్ల తరువాత సవరించుకోవడం మొదటిరోజు వ్రాసుకొన్నంత తేలిక కాదు.

మరొక చిక్కు గుప్తదానం. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని మనకు బోధ. చట్టమేమో దాత పేరు, చిరునామా అడుగుతుంది. ధార్మిక ట్రస్టుకు అనామకంగా వచ్చిన సొమ్ము లక్ష రూపాయలను, లేక మొత్తం విరాళాలలో 5 శాతాన్ని, ఏది ఎక్కువైతే దానిని, దాటితే ఆ మిగులుపై 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన సంస్థకు ఈ నిబంధన లేదు. అంటే మస్జిద్ డబ్బీలో పడిన సొమ్ముకు లేని బాధ, విద్యార్థుల ఫీజుల కొరకు పెట్టిన డబ్బీకి ఉన్నది! నల్లధనం అరికట్టడానికని చెప్పే కారణాన్ని మేము త్రోసివేయము. దాత సమాజానికి తెలియకపోయినా ట్రస్టు పుస్తకంలో తెలిస్తే చాలు. రహస్యానికి వచ్చే లోటు లేదు.

వడ్డీ సంగతి కూడా తరచు వస్తుంది. "బ్యాంకు వడ్డీని మేము ముట్టము, పేదలకు ఇచ్చివేస్తాము, ఇక దానిని ఎందుకు చూపాలి?" చూపవలసినదే. ఖాతాలో పడిన క్షణమే అది ఆదాయం. బ్యాంకు టి.డి.ఎస్. కోసి ఉంటే అది ఫారం 26ఏఎస్‌లో మీ పేరనే నమోదై ఉంటుంది. పన్ను పరిధిలోకి రాని చిన్న కాంట్రాక్టర్లు, కమీషన్ ఏజెంట్లు రిటర్ను వేయక ఆ సొమ్మును వదులుకోవడం చూసి మేము ఎన్నోమార్లు విచారించాము.

ఇక హిందూ అవిభక్త కుటుంబం. 1922 చట్టంలోనే చోటు సంపాదించిన ఈ ఏర్పాటు కింద హిందూ, జైన, సిక్కు, బౌద్ధ కుటుంబాలు ప్రత్యేక పాన్‌తో, ప్రత్యేక ప్రాథమిక మినహాయింపుతో రిటర్ను వేయవచ్చు. అదే వీధిలో అన్నదమ్ములు ఉమ్మడిగా దుకాణం నడుపుకొనే ముస్లిం, క్రైస్తవ కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. 12 లక్షల వరకు పన్ను లేకుండా చేసే రిబేటు అవిభక్త కుటుంబానికి వర్తించదన్నది నిజమే. అయినా పై ఆదాయాలు గలవారికి లాభం మిగిలే ఉన్నది. దీనిని రద్దు చేయవలెనని 2018లో లా కమిషన్ సంప్రదింపు పత్రమే సూచించినది. ఉమ్మడి పౌరస్మృతి కొరకు గొంతెత్తేవారు ఈ సూచనను ప్రస్తావించగా మేము వినలేదు. రద్దు చేసినా, అందరికీ విస్తరించినా మాకు సమ్మతమే.

2026 ఏప్రిల్ 1 నుండి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం అమలుకు నిర్ణయమైనది. పైన చెప్పిన సెక్షన్ల సంఖ్యలు అందులో మారుతాయి. గోదావరి జిల్లాల పార్లమెంటు సభ్యులను మేము కోరేది ఒక్క మాట చేర్పు: వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లల ప్రక్కన అల్పసంఖ్యాకులు. ఈ మేరకు వినతిపత్రం సిద్ధం చేయదలచిన జమాత్‌లు, అంజుమన్‌లు తమ ట్రస్టు పత్రం నకలును, గుర్తింపు నిరాకరించిన ఉత్తర్వు ఉంటే దానినీ జతపరచవలెను.